తాళము పట్టిన చేతులు

తెలుగునాట భజన ఎరుగని ఊరు అరుదు. రామమందిరము ఉన్నచోట మందిరములో, లేనిచోట రచ్చబండ మీద, ధనుర్మాసమునకో శ్రీరామనవమికో నలుగురు కూడి తాళములు చేతబట్టుదురు. ఆ నలుగురిలో ఒకడు ముందు పాడును. తక్కినవారు అతని చరణమును అందుకొని పాడుదురు. ముందు పాడినవానికి భాగవతుడనియో, దాసుడనియో, గురువనియో పేరు వచ్చును. అతడు వాగ్గేయకారుడైనచో అతని కీర్తనల కడపట ముద్ర మిగులును. అందుకొని పాడినవారికి ముద్ర లేదు. వారి పేర్లు సాధారణముగా ఆ ఊరి పొలిమేర దాటవు.

మన సంగీత చరిత్రలు తరచుగా ముందు పాడినవారి చరిత్రలుగనే సాగినవి. అది సహజమే. కాని ఒక ప్రశ్న మిగిలిపోయినది. పాట పుట్టించినవాడు కాలము చేసిన పిదప ఆ పాటను ఎవరు బ్రతికించిరి? ఏ పాట నిలిచినది, ఏ పాట నశించినది, ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో గోష్ఠిలో చుట్టును కూర్చున్న ఆ పేరులేని చేతుల వద్దకే మనము చేరుదుము.

ఇతర దేశములలోను ఇట్టి సమష్టివాద్యములు కలవు. ఇంగ్లండులో చేగంటల మేళము ప్రసిద్ధము. అచటి చర్చి గోపురములలోని పెద్ద గంటలను త్రాళ్లతో లాగి ఒక నియమిత క్రమమున మ్రోగించు విద్య 17వ శతాబ్దమున వృద్ధి చెందెను. 1668లో ఆ విద్యపై 'టింటినలోజియా' అను గ్రంథము వెలువడినది. ఏడు గంటలను ఒకసారి మ్రోగిన వరుసలో మరల మ్రోగకుండ మార్చి మార్చి వాయించినచో 5040 వరుసలు వచ్చును. ఇంత లెక్కను జ్ఞాపకముంచుకొనుటకు దీర్ఘమైన సాధన కావలెను. గోపురముమీద గంటలు కొట్టి సాధన చేసినచో ఊరివారికి నిద్ర ఉండదు, చలికాలమున సాధకులకు సుఖము ఉండదు. అందుచేత వారు చిన్న చిన్న గంటలకు పిడులు అమర్చుకొని, ఇంటిలో నెగడు ప్రక్కన కూర్చుండి అభ్యసించిరి. క్రమముగా ఆ చిన్న గంటలే ఒక ప్రత్యేక వాద్యమైనవి. 19వ శతాబ్దమున పారిశ్రామిక పట్టణములలో మిల్లు కార్మికులు మేళములుగా ఏర్పడి పోటీలు పడిరి. మాంచెస్టరు నగరములోని బెల్ వ్యూ ఉద్యానములో 1855 నుండి చేగంటల పోటీలు జరిగెను. అమెరికాలోని బోస్టను నగరమునకు చెందిన మార్గరెట్ షర్‌క్లిఫ్ అను మహిళ 1902లో లండనుకు పోయి, గోపుర ఘంటానాదములో తన నేర్పు చూపి, చేగంటలను కానుకగా పొంది స్వదేశమునకు కొనిపోయెను. ఆమె 1923లో బీకన్ హిల్ మేళమును స్థాపించెను. 1954లో అమెరికాలోని చేగంటల మేళములన్నిటికి ఒక సంఘము ఏర్పడినది.

ఈ మేళములోని విశేషము గమనింపదగినది. ఒక్కొక్కరి చేతిలో ఒకటి రెండు గంటలు మాత్రమే ఉండును. ఒక్కొక్క గంటకు ఒక్కటే స్వరము. 'స' పలుకు గంట ఒకరి చేత, 'గ' పలుకు గంట మరియొకరి చేత ఉన్నప్పుడు ఎంతటి విద్వాంసుడైనను ఒంటరిగా పాటను వినిపింపజాలడు. ఒక్క సభ్యుడు రాకపోయెనా, రాగమునకు ఒక పన్ను ఊడినట్లే. నాయకుడు చేయి ఆడించి కాలము చూపును గాని, తాను ఒక్క స్వరమైనను పలికింపడు.

మన భజన గోష్ఠి నిర్మాణము వేరు. ఇచట స్వరము గొంతులో ఉండును, లయ చేతిలో ఉండును. కంచు తాళములు రెండు చిన్న గిన్నెల వంటివి. నాలుగు పాళ్లు రాగికి సుమారు ఒక పాలు తగరము కలిపి పోసిన కంచుతో చేయుదురు. గంట పోతకు వాడు లోహమును అదియే. నడుమ రంధ్రములో త్రాడు దూర్చి రెంటిని ముడివేయుదురు. అంచుకు అంచు తాకించినచో నాదము సాగును. అరచేతితో మూసినచో ఆగును. ఇవికాక కఱ్ఱకు ఇత్తడి బిళ్లలు తొడిగిన చిడతలు కలవు. రాయలసీమలో చెక్కభజనకు వాడు చెక్కలును ఆ జాతివే. చెక్కభజనలో పాటతోపాటు అడుగును నేర్పవలెను గనుక అచట నాయకుని గురువు అనియే పిలుతురు. ఇందరి చేతులలోను పలుకునది ఒక్కటే దెబ్బ. ఒకడు రాకున్నను భజన సాగును. కాని ఆ ఒక్క దెబ్బను ఇందరు కలిసి నిలుపుటవలననే ముందు పాడువాడు నిశ్చింతగా రాగమును విస్తరించి మరల పల్లవికి రాగలడు. పల్లవిని కాపాడు బాధ్యత గోష్ఠిది. ఆ పల్లవి నుండి ఎంత దూరము పోవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ నాయకునిది.

మన భాష మాత్రము ఈ సహచరులకు న్యాయము చేయలేదు. 'వంత పాడుట' అన్నచో నేడు స్వబుద్ధి లేక ఒకరిని అనుసరించుట అను అర్థమే ముందు స్ఫురించును. 'తాన అంటే తందాన' అనునదియు అట్టి నిందయే. బుర్రకథ చూచినవారికి నిజము తెలియును. కథకునికి ఇరువైపుల నిలుచు వంతలలో ఒకడు హాస్యము చెప్పును, ఒకడు లోకపు సంగతులు చెప్పును, ఇద్దరును డక్కీ వాయించుచు కథకుడు ఊపిరి పీల్చుకొను లోపల పాట పడిపోకుండ పట్టుకొందురు. వంత లేనిదే కథ నడువదు. భజనలోను అంతే.

ఇప్పుడు మూడు గోష్ఠుల చరిత్రలను పరికింతము. మూడింటికి మూడు విధములైన గతి పట్టినది.

మొదటిది తాళ్లపాక వారిది. కడప సీమలో రాజంపేట సమీపమున ఉన్న తాళ్లపాక గ్రామములో 1408లో జన్మించిన అన్నమాచార్యుడు 1424లో సంకీర్తన రచన ఆరంభించి 1503లో పరమపదించువరకు సాగించెనని రాగిరేకులే చెప్పుచున్నవి. ఆయన 32 వేల సంకీర్తనలు రచించెనని మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యమైన అన్నమాచార్య చరిత్రములో వ్రాసెను. ఈ కుటుంబమే ఒక గోష్ఠి. భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణము రచించినది. కుమారుడు పెద తిరుమలాచార్యుడు తండ్రి బాటనే సంకీర్తనములు రచించుటయేగాక, తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపరచుటకు పూనుకొనెను. మనుమడు చిన తిరుమలాచార్యుడు సంకీర్తన లక్షణమును తెలుగులో రచించెను. అన్నమాచార్యుడు సంస్కృతమున వ్రాసిన మూలగ్రంథము నేడు లేదు. మనుమని తెలుగు గ్రంథము ఉన్నది. తాత వ్రాసినది పోయి, వెనుక వచ్చినవాడు దానిని తనవారి భాషలో అందుకొన్నది నిలిచినది.

ఈ మూడు తరముల పిదప తాళ్లపాక వారి గానము క్రమముగా సన్నగిల్లెను. రాగిరేకులు భాండారములో మిగిలినవి గాని, వానిని పాడు గొంతులు తెగిపోయినవి. 20వ శతాబ్దపు ప్రథమార్ధమున రేకులు మరల వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతులు వానిని చదివి, పరిష్కరించి, లోకమునకు అందించిరి. వారు ఎదుర్కొన్న చిక్కు ఒకటి ఉన్నది. ప్రతి సంకీర్తన శీర్షమున రాగము పేరు చెక్కబడి ఉన్నది. కాని ఆ రాగములో ఆ పాట ఎట్లు నడిచెనో చెప్పు స్వరలిపి లేదు. ముఖారి అని ఉన్నది, సామంతము అని ఉన్నది. అన్నమాచార్యుని నోట ఆ ముఖారి ఏ మలుపు తిరిగెనో రాగి చెప్పదు. దానిని చెప్పవలసినవారు వెంట పాడినవారు. ఆ పరంపర తెగినందున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి సంగీత సాహిత్య విద్వాంసులు వానికి క్రొత్తగా వరుసలు కట్టవలసి వచ్చినది. వారి తరువాత మరికొందరు విద్వాంసులు ఆ కార్యమును కొనసాగించిరి. నేడు మనము వినుచున్న అన్నమయ్య సంకీర్తనలలో మాట పదిహేనవ శతాబ్దముది, పాట ఎక్కువగా ఇరవయ్యవ శతాబ్దముది. లోహము మాటను కాపాడగలిగెను. పాటను కాపాడుట దానికి సాధ్యము కాలేదు.

రెండవ గోష్ఠి ఇందుకు సరిగా ఎదురుగా నిలుచును. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న, గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానాషా కొలువులో మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా ఉండి భద్రాచలములో రామాలయము కట్టించి, సర్కారు పైకము వాడినందులకు గోలకొండ కోటలో బందీ అయ్యెను. తానాషా 1672లో సింహాసనమెక్కెను. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ మొగలుల వశమైనది. గోపన్నను చెరపెట్టిన రాజ్యమే అట్లు అంతరించినది. రామదాసు కీర్తనలకు రాగిరేకులు లేవు. వానిని కాపాడుటకు రాజాశ్రయము గాని, ఆలయ భాండారము గాని అట్లు పూనుకొనలేదు. అయినను అవి ఒక్కనాడును మూగవోలేదు. పల్లె పల్లెలో రైతులు, చేనేతవారు, చిన్న ఉద్యోగులు, సన్న్యాసులు వానిని తాళములతో పాడుచునే ఉండిరి. తంజావూరు సీమలో త్యాగరాజస్వామి తన కీర్తనలలో రామదాసును స్మరించుటనుబట్టి ఆ పాట ఎంత దూరము నడచిపోయెనో తెలియును.

ఈ నడకలో ఒక ముఖ్యమైన మజిలీ తూము నరసింహదాసు. 1790లో గుంటూరులో పుట్టి 1833లో మరణించిన ఈ మహనీయుడు స్వయముగా కీర్తనకారుడు. తిరువయ్యారు పోయి త్యాగరాజస్వామిని దర్శించెనని ప్రతీతి. భద్రాచలము చేరి, కంచి నుండి వచ్చిన వరద రామదాసు అను సహచరునితో కలిసి ఆలయ సేవలకు, నిత్య భజనకు ఒక పద్ధతి ఏర్పరచెను. మేలుకొలుపు మొదలు పవ్వళింపు వరకు ఏ సేవకు ఏ పాట అను క్రమము ఉన్నప్పుడు నాయకుడు మారినను భజన మారదు. వచ్చినవాడు ఆ క్రమములో చేరును. నరసింహదాసు చేసిన మేలు ఇదియే. ఆయన పేరు తలచిన ప్రతివారును వరద రామదాసు పేరును కూడ తలచుట భద్రాచల సంప్రదాయములోని ఔచిత్యము. నాయకునితోపాటు సహచరుని పేరు మిగిలిన అరుదైన సందర్భములలో ఇది ఒకటి.

అయితే నోటి పరంపరకు లోపములు లేవనరాదు. ఊరూర వరుస మారును, మాట మారును. ఒక దాసుని కీర్తన మరొక దాసుని పేర చెలామణి యగును. పండితులు పాఠములు పోల్చుచు తలపట్టుకొందురు. అన్నమయ్య విషయమున మాట స్థిరము, పాట లుప్తము. రామదాసు విషయమున పాట సజీవము, మాట చంచలము. రెండు మేళ్లును ఒక్కచోట కుదిరిన గోష్ఠి ఉన్నదా?

ఉన్నది. అది మూడవది, త్యాగరాజస్వామి శిష్యబృందము. 1767లో పుట్టి 1847లో సిద్ధి పొందిన త్యాగరాజు తెలుగు కుటుంబమువాడై తమిళదేశమున కావేరీతీరమున నివసించెను. ఆయన సభలలో పాడినవాడు కాడు. తంబుర మీటుచు, చిడతలు పట్టి వీధులలో ఉంఛవృత్తి చేసినవాడు. ఆ వెంట శిష్యులు నడిచిరి. గోష్ఠిలో అందరును కలిసి పాడుటకు అనువుగా దివ్యనామ కీర్తనలను, ఉత్సవ సంప్రదాయ కీర్తనలను ప్రత్యేకముగా రచించెను. వీనిలో పల్లవి, చరణము ఒకే తీరున నడుచుట తరచుగా కనబడును. చరణము మారినను వరుస మారనిచో మొదటిసారి వచ్చినవాడు సైతము రెండవ చరణమునకు అందుకొనగలడు. మహావిద్వాంసుడు తన గోష్ఠిలోని సామాన్యుని కొరకు కట్టిన పాటలు అవి.

ఆయన శిష్యులలో ముఖ్యముగా మూడు శాఖలను చెప్పుదురు. తిల్లస్థానము రామ అయ్యంగారుది ఒకటి. ఉమయాళ్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు అను సోదరులది ఒకటి. వాలాజాపేట వెంకటరమణ భాగవతులది ఒకటి. ఈ వెంకటరమణ భాగవతుల మాతృభాష సౌరాష్ట్రము. రామ అయ్యంగారు తమిళుడు. గురువు పాట తెలుగు. ఆ పాటను తెలుగు ఇంటిభాష కానివారు పాడి, వ్రాసి, తమ బిడ్డలకు నేర్పి నిలబెట్టిరి. వాలాజాపేటవారు వ్రాతప్రతులు సిద్ధము చేసి భద్రపరచిరి. అవి ఇప్పటికిని పరిశోధకులకు ఆకరములు. నోరును, వ్రాతయు జతకూడినందుననే త్యాగరాజ కీర్తనలు వందలుగా, ఆయా రాగములలోనే, మనవరకు వచ్చినవి. శాఖకు శాఖకు పాఠభేదములు ఉన్నవన్నది నిజమే. మూడు శాఖలు ఉండుటవలననే ఒకదానితో ఒకటి పోల్చుటకు వీలు కలిగినదనియు చెప్పవలెను.

ఈ గోష్ఠి చరిత్రలో ఒక కఠినమైన అధ్యాయము కూడ ఉన్నది. 20వ శతాబ్దారంభమున తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనలు వైభవముగా జరుగసాగెను గాని, నిర్వాహకులు రెండు పక్షములుగా చీలిరి. ఏ పక్షమువారును స్త్రీలను పాడనీయలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ, దేవదాసీ కులమున 1878లో పుట్టిన విదుషీమణి, స్వార్జిత ధనముతో స్వామి సమాధి స్థలమున ఆలయము కట్టించెను. 1925లో అచట విగ్రహ ప్రతిష్ఠ జరిగెను. కట్టించిన ఆలయములోనే ఆమెకు పాడు హక్కు లేకపోయెను. ఆమె ఊరకుండలేదు. 1927లో స్త్రీల ఆరాధనను వేరుగా ఏర్పాటు చేసెను. 1940 ప్రాంతమున పక్షములు కలిసినవి. ఆడవారు మగవారు, పెద్దలు పిన్నలు ఒకేచోట కూర్చుండి పంచరత్న కీర్తనలను ఏకకంఠముగా పాడు ఆచారము ఆ తరువాత నెలకొన్నది. నేడు పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులోనే కాక తెలుగువారు తమిళులు ఉన్న ప్రతి నగరములోను జరుగు ఆ గోష్ఠిగానము వెనుక ఇట్టి పోరాటము ఉన్నది. 1952లో మరణించిన నాగరత్నమ్మకు స్వామి సమాధి సమీపముననే సమాధి నిర్మించిరి. తాళము ఎవరి చేతిలో ఉండవచ్చును, ఎవరి చేతిలో ఉండరాదు అని శాసించుటకు పూర్వము, ఆ తాళము మ్రోగుటకు ఆలయము ఎవరు కట్టించిరో తలచుకొనుట మంచిది.

ఈ సందర్భమున ఆకాశవాణిని గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. హైదరాబాదులో 1935లో నిజాము ప్రభుత్వము స్వాధీనము చేసికొన్న దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమయ్యెను. విజయవాడ నుండి వెలువడిన భక్తిరంజని తెలుగువారి ప్రాతఃకాలమును మార్చివేసినది. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారమును అందుకొన్న బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటి ప్రయోక్తలు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి వంటి గాయకులు ఆ కార్యక్రమముతో భజన మందిరమును ఇంటింటికి తెచ్చిరి. భక్తిరంజనిలో ప్రధాన గాయకుని వెనుక ఒక బృందము ఉండెడిది. పాట అయిన పిదప ప్రకటనలో 'బృందగానము' అను ఒక్క మాటతో ఆ గొంతులన్నియు ముగిసిపోయెడివి. సమయాభావము దానికి కారణము. కాని మైక్రోఫోను ముందు పనిచేసిన ప్రతివారికిని తెలిసిన సంగతి ఏమనగా, ప్రధాన గాయకుడు ఎంత ఘనుడైనను బృందములో ఒక్కరి తాళము అరక్షణము ముందుకు జారినచో ఆ రికార్డు పనికిరాదు.

ఇక వర్తమానమునకు వత్తము. రామదాసు బందీగా ఉన్న గోలకొండకు కొద్ది కిలోమీటర్ల దూరములోనే నేటి హైటెక్ సిటీ ఉన్నది. మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ఒకప్పుడు పెద్ద పెద్ద గుండురాళ్ల నడుమ చెరువులు, పొలములు గల పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభోత్సవము జరిగిన పిమ్మట ఆ ప్రాంతమంతయు కంప్యూటరు పరిశ్రమకు నెలవై సైబరాబాదు అను పేరు పొందినది. అద్దాల మేడలు లేచినవి. రాష్ట్రము నలుమూలల నుండి, దేశము నలుమూలల నుండి యువకులు వచ్చి స్థిరపడిరి. పూర్వపు గోష్ఠి ఒక ఊరివారిది లేదా ఒక కుటుంబమువారిది. తాత పట్టిన తాళము మనుమడు పట్టెడివాడు. ఇచటివారికి ఊరును వేరు, తాతయు వేరు. పొరుగింటివారి పేరు తెలియుటయే గగనము. ఇట్టిచోట గోష్ఠి ఏర్పడునా అని సందేహము కలుగుట సహజము.

ఆ సందేహమునకు సమాధానము హైటెక్ సిటీలోనే ఉన్నది. చిత్తూరు జిల్లా వాయల్పాడులో జన్మించిన డాక్టరు శోభారాజుగారు తిరుమల తిరుపతి దేవస్థానములవారి అన్నమాచార్య ప్రాజెక్టులో తొలి రోజులలో పనిచేసిన గాయని. ఆమె 1983లో 'అన్నమాచార్య భావనా వాహిని' అను సంస్థను స్థాపించిరి. సైబర్ టవర్స్ పరిసరములలో వెలసిన అన్నమయ్యపురము దాని నిలయము. అచట పిల్లలును, గృహిణులును, ఉద్యోగులును సంకీర్తనలు నేర్చుకొందురు. శనివారము సాయంకాలములందు 'అన్నమ స్వరార్చన' జరుగును. కారాగారములలోని ఖైదీలకు సైతము ఆమె సంకీర్తనలు నేర్పిరి. గోలకొండ చెరలో పాట కట్టిన రామదాసును ఎరిగిన నేలమీద అది ఎంతయు ఉచితమైన పని. భారత ప్రభుత్వము 2010లో ఆమెను పద్మశ్రీతో గౌరవించెను. స్త్రీ నాయకత్వమున స్త్రీ పురుషులు, చిన్నలు పెద్దలు కలిసి పాడు ఈ గోష్ఠిని చూచినప్పుడు తిమ్మక్కయు, నాగరత్నమ్మయు జ్ఞాపకము వచ్చుట వింత కాదు.

ఇదే సంకీర్తన సముద్రము దాటిపోయి మరల వచ్చినది. కాలిఫోర్నియాలో కంప్యూటరు వృత్తిలో ఉన్న తెలుగువారు 2001లో స్థాపించుకొన్న సిలికానాంధ్ర సంస్థ, 2009 మే 10న సికిందరాబాదు పరేడు మైదానములో లక్షగళ సంకీర్తనార్చనను నిర్వహించెను. లక్షకు పైబడిన జనులు అన్నమయ్య సంకీర్తనలు ఏడింటిని ఏకకాలమున పాడిరి. అది గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఒక్క సాయంకాలమునకు అంతమంది కూడుటకు ముందు, ఊరూరను బస్తీ బస్తీలోను చిన్న చిన్న బృందములు ఆ ఏడు పాటలను సాధన చేయవలసి వచ్చినది. ఒక్కొక్క బృందమునకు ఒక ఉపాధ్యాయురాలు, ఒక ఇంటి వసారా, కొన్ని జతల తాళములు. మైదానములోని లక్ష గొంతుల సంగతి పత్రికలలో పడినది. ఆ వసారాల సంగతి అచటివారికే తెలియును.

లక్ష మంది కలిసిన సభ ఒక పూట పండుగ. వారము వారము పదిమంది కలియుట పరంపర. పండుగకు ఉత్సాహము చాలును. పరంపరకు ఓపిక కావలెను. పట్టణములో ఆ ఓపికకు అడ్డములు పెక్కు. పని గంటలు రాత్రికి జరిగినవి. రాకపోకలకే పూట గడిచిపోవును. ఉద్యోగము మారినచో ఊరు మారును. అన్నిటికంటె పెద్ద అడ్డము, పాట కావలెనన్న చేతిలోని ఫోను నొక్కినంతనే గొప్ప విద్వాంసుల గానము వినబడుట. అంతటి గానము సిద్ధముగా ఉండగా మనము అపశ్రుతులతో కూర్చుండి పాడుట ఎందులకు అని పలువురికి తోచును.

రికార్డులు చేయుటయే వృత్తిగా గలవారు దీనికి సమాధానము చెప్పుట న్యాయము. రికార్డు ఒక మహోపకారి. తాళ్లపాకవారి కాలమున అది ఉన్నచో ముఖారి మలుపు మనకు దక్కెడిది. కాని రికార్డు మన కొరకు ఆగదు. మనము తప్పినచోట అది మరల పల్లవి ఎత్తుకొని మనలను దారికి తెచ్చుకొనదు. గోష్ఠిలో అట్లు కాదు. క్రొత్తవాడు తాళము తప్పినచో ప్రక్కవాడు తన దెబ్బను కొంచెము గట్టిగా వేయును. అంతే, మాట లేకుండ దిద్దుబాటు జరిగిపోవును. ఒకరి చేయి మరొకరి చేతికి కాలము నేర్పుట తాళము పుట్టినప్పటి నుండి జరుగుచున్న పని. రామదాసు కీర్తనలకు రెండు వందల సంవత్సరములకు పైగా దక్కిన పాఠశాల ఇదియే.

కనుక గోష్ఠులు నడుపుచున్న వారికి ఒక విన్నపము. మీ మందిరములో, మీ అపార్టుమెంటు ఆవరణలో, మీ సంఘ భవనములో భజన జరుగుచున్నచో ఒక పుస్తకము ఉంచుడు. ఏ తేదీన ఏమి పాడితిరి, ఆ వరుస ఎవరివద్ద నేర్చితిరి అన్నది వ్రాయుడు. ముందు పాడినవారి పేరుతోపాటు మృదంగము, తాళము, చిడత పట్టినవారి పేర్లు, అందుకొని పాడినవారి పేర్లు వరుసగా చేర్చుడు. ఫోనులో రికార్డు చేసినచో దానిమీదను ఆ పేర్లు వ్రాయుడు. వాలాజాపేటవారు గురువు పాటకు చేసిన సేవయే ఇది. పెద్ద శ్రమ కాదు, పది నిమిషముల పని. ముప్పది సంవత్సరముల తరువాత మీ మనుమరాలు ఆ పుస్తకము తెరచినప్పుడు, తన అమ్మమ్మ ఫలానా శనివారము ఫలానా సంకీర్తనకు తాళము పట్టినదని అందులో చదువుకొనగలదు.